గాల్లో వేలాడిన కాళ్లు

నా చిన్నప్పుడు మలికిపురం బజారులో ఇంకెవ్వరికీ చేతకాని బేరం ఒకటి నేను చేశాను. కొబ్బరికాయల దళారులు, బెల్లం వర్తకులు, మా నాన్నతో సహా అందరూ ఆ విషయంలో నా ముందు దిగదుడుపే. నా కుడిచేతి నొప్పితో మాట్లాడుకున్నాను. క్రిస్మస్ దాకా నోరెత్తకుండా ఉండు, ఆ తర్వాత నీకేం కావాలంటే అది పుచ్చుకో అన్నాను. ఏం పుచ్చుకుంటావని మాత్రం అడగలేదు. కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగిన పిల్ల, ధర తెలుసుకోకుండా ఒప్పేసుకుంది.

మా చర్చిలో దొరలు వదిలి వెళ్లిన పియానో ఉండేది. వానలు పడితే వేళ్లతో నొక్కే దాని మెట్లు ఉబ్బి ఒకదానికొకటి పట్టేసేవి. ఉప్పుగాలికి లోపల తీగలు తుప్పు పట్టాయి. అయినా క్రిస్మస్ ఆరాధనలో దాని ముందు కూర్చునే పిల్ల అంటే ఊళ్లో ఒక హోదా. ఆ ఏడు ఆ చోటు నాకిస్తానని మా పాటల మాస్టారు అన్నారు. చేయి నొప్పి అని తెలిస్తే అది ఇంకొకరికి పోతుంది. వచ్చిన గిరాకీని పక్క కొట్టుకి పంపే వంశం కాదు మాది. నోరు మూసుకున్నాను.

మాస్టారి గురించి మర్యాదగా రాయాలని చాలాసార్లు అనుకున్నాను. ఈ వయసులో కూడా కుదరడం లేదు. నడుం నిటారుగా ఉండాలని నా వీపుకి కొబ్బరిమట్ట బద్ద ఆనించి తువ్వాలుతో కట్టేవారు. మణికట్టు మీద అగ్గిపెట్టె పెట్టేవారు. అది జారితే స్కేలుతో వేళ్ల కణుపుల మీద కొట్టేవారు. జారకుండా ఉండాలంటే భుజం బిగబట్టాలి, మెడ బిగబట్టాలి, ఆఖరికి ఊపిరి కూడా బిగబట్టాలి. నేను అన్నీ బిగబట్టాను. చూసినవాళ్లు ఎంత కుదురుగా కూర్చుందో అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చేయి లాగుతోందని ఒకసారి నాన్నతో అంటే, "పనిచేసే చెయ్యి నొప్పెట్టదేంటే? మూటలు మోసేవోళ్లు ఏడుస్తున్నారా?" అని లెక్కల్లో పడిపోయాడు.

ఆ రోజుల్లోనే మా చర్చికి కొత్త పాస్టరుగారు బదిలీ మీద వచ్చారు. వారి భార్యను మేమంతా అమ్మగారు అనేవాళ్లం. చదువుకున్న మనిషి, పెళ్లికి ముందు ఏదో బడిలో పియానో నేర్పేవారట. ఒకరోజు ఆవిడ మా కొట్టుకి పంచదారకి వచ్చారు. నేను తూచి, పొట్లం కట్టి అందిస్తుంటే చివరి రెండు వేళ్లూ పట్టు తప్పాయి. పొట్లం జారి పంచదారంతా గుమ్మంలో ఒలికిపోయింది. నాన్న నావైపు ఉరిమి చూశాడు. అమ్మగారు మాత్రం చెవికి ఆనుకుని ఉన్న నా కుడి భుజం వైపు చూశారు.

"సాయంత్రం పిల్లని ఓసారి చర్చికి పంపండి. పియానో దుమ్ము తుడవాలి," అన్నారు.

"ఆయ్, పంపుతానండి. ఒలికిన పంచదార మీకు లెక్కెయ్యనులెండి," అన్నాడు నాన్న, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు.

దుమ్మూ లేదు, తుడవడమూ లేదు. ఆవిడ నన్ను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిచి, వీపు నేలకి ఎక్కడ ఆనుతోందో ఎక్కడ ఆనడం లేదో చూసుకోమన్నారు. నాకు చిరాకేసింది. పియానో ముందుకు పిలిచి పడుకోబెట్టడమేమిటి? కాసేపటికి లేపి, తన అరచేయి చాచి, అందులో నా చేయి పెట్టమన్నారు. పెట్టాను. ఆవిడ చటుక్కున తన చేయి తీసేశారు. నాది కింద పడలేదు. కొయ్యలా గాల్లోనే నిలబడింది.

"బరువు నాకివ్వలేదు నువ్వు. తక్కెడ కింద వేలు పెట్టేవు," అన్నారు నవ్వుతూ.

నాకు రోషం వచ్చింది. "మా కొట్లో అలాంటి తూకాలుండవండి."

"కొట్టు మాట కాదమ్మా, నీ చెయ్యి మాట. మళ్లీ ఇయ్యి."

మళ్లీ ఇచ్చాను. మళ్లీ గాల్లోనే ఉండిపోయింది. ఇవ్వడమంటే ఏమిటో నాకు తెలియదని అప్పుడు తెలిసింది. మా ఇంట్లో ఎవరమూ దేన్నీ ఒక్కసారిగా చేతిలోంచి వదలం. చిల్లర ఇచ్చేటప్పుడు కూడా రెండు వేళ్ల మధ్య కాసేపు పట్టుకునే ఉంటాం. ఆవిడ విసుక్కోకుండా నా మెడ వెనక, భుజం కింద, మోచేతి దగ్గర వేలితో తాకుతూ, ఇక్కడ పట్టుకున్నావు, ఇక్కడ వదులు, ఇప్పుడు ఊపిరి వదులు అని చెబుతూ పోయారు. పొద్దు వాలే వేళకి నా చేయి ధబ్బున నా ఒళ్లో పడింది. సొంత చేయి అంత బరువుంటుందని నాకు తెలియదు. ఆ బరువంతా అన్నాళ్లూ నేనే పైకెత్తి పట్టుకుని, ఆ పైన పాటలు వాయించానన్నమాట. ఏడుపొచ్చింది. అది పూర్తిగా కోపంతో వచ్చిన ఏడుపు.

తర్వాత పియానో ముందు కూర్చోబెట్టి, నా చుట్టూ తిరిగి, వంగి కిందకి చూశారు. ఆవిడ ముఖం మారిపోయింది. ఆ స్టూలు పెద్దవాళ్ల కోసం చేసింది. నా కాళ్లు నేలకి అందక వేలాడుతున్నాయి. కాళ్లకి ఆసరా లేకపోతే నడుం బిగుసుకుంటుంది, నడుం బిగిస్తే భుజం, ఆ వెనక వేళ్లు. నా వీపుకి బద్ద కట్టిన మనిషి ఒక్కనాడైనా నా కాళ్ల వైపు చూడలేదు. ఆవిడ నాచేత మా కొట్లోంచి ఖాళీ సబ్బుల పెట్టె తెప్పించి పాదాల కింద పెట్టారు. అప్పుడు వాయిస్తే మెట్టు మీద వేలు దానంతట అదే దిగింది. పియానో గొంతు మారినట్టు అనిపించింది.

కానీ ఆ వేళ్లు అప్పటికే బాగా దెబ్బతిన్నాయని, ఈ క్రిస్మస్‌కి వాయించవద్దని ఆవిడ అన్నారు. మాస్టారికీ అదే చెప్పారు. మాస్టారు మా నాన్న ఎదుటే నన్ను పిలిచి, "ఏమ్మా, నీకేమైనా నొప్పుందా?" అని అడిగారు.

"లేదండి," అన్నాను.

మాస్టారు గెలిచారు, నాన్న గెలిచాడు. నేనూ గెలిచాననే అనుకున్నాను.

క్రిస్మస్ ఉదయం చర్చి నిండా జనం. నేను కూర్చుని కాళ్ల కింద పెట్టె సర్దుకుంటుంటే మాస్టారు దాన్ని మడమతో పక్కకి తోసేశారు. "దేవుడి సన్నిధిలో సబ్బు పెట్టెలేంటి, సంతలోలాగ," అన్నారు. మొదటి పాట ఎలాగో గట్టెక్కింది. రెండో పాట సగంలో భుజం చెవి దాకా వెళ్లిపోయింది, వేళ్లు మొద్దుబారాయి, స్వరాలు తప్పాయి. వెనక ఎవరో నవ్వారు.

అప్పుడు ఆడవాళ్ల వైపు చాప మీంచి అమ్మగారు లేచారు. అందరూ చూస్తుండగా నడిచి వచ్చి, పట్టుచీరతోనే పియానో కింద నేల మీద కూర్చుని, ఇసుక అంటిన నా పాదాలు రెండూ తీసి తన ఒళ్లో పెట్టుకున్నారు. పాట ఆగినంత పనైంది.

"బరువు ఇచ్చెయ్యమ్మా," అన్నారు, నాకు మాత్రమే వినపడేలా.

ఇచ్చేశాను. చివరి చరణం ఒళ్లంతా వదిలేసి వాయించాను. తిరిగి ఏమొస్తుందని అడగకుండా నేను ఇచ్చింది బహుశా అదొక్కటే.

ఆరాధన అయ్యాక అందరూ తిట్టింది ఆవిడనే. పాస్టరమ్మ అయ్యుండి కొట్టువాళ్ల పిల్ల కాళ్లు ఒళ్లో పెట్టుకోవడమేమిటన్నారు. నాన్న వెళ్లి మాస్టారికి క్షమాపణ చెప్పాడు. అమ్మగారితో ఒక్క మాట మాట్లాడలేదు. నా చేయి ఎలా ఉందని ఆ జనంలో ఒక్కరూ అడగలేదు. మరుసటి ఏడు పాస్టరుగారికి మళ్లీ బదిలీ అయింది.

ఇప్పుడు మా వైపు ప్రతి చర్చిలోనూ కీబోర్డు ఉంది, నేర్పేవాళ్లూ ఉన్నారు. నిటారుగా కూర్చో అని పిల్లల్ని అరిచేవాళ్లే ఎక్కువ. అది చూస్తే నా భుజం మళ్లీ చెవి దాకా వెళుతుంది. దాన్ని ఆవిడ చెప్పినట్టే, ఊపిరి వదులుతూ కిందకి దించుతాను. కోపాన్ని మాత్రం దించను. వెళ్లి గొడవ పెట్టుకుంటాను.

ఇక లెక్క చెప్పాలి. నా కుడిచేతి చివరి రెండు వేళ్లూ ఈరోజుకీ పూర్తిగా ముడుచుకోవు. పియానో ఆ ఉదయంతోనే ఆఖరు. వచ్చింది ఒక్క చరణం, ఒంటిని వదలడం ఎలాగో అన్న తెలివి. పోయినదానికంటే వచ్చిందే ఎక్కువని రాయి నానమ్మా, చదివేవాళ్లకి బాగుంటుంది అంటుంది నా మనవరాలు. రాయను. ఆ తెలివి అమ్మగారు ఊరికే ఇచ్చారు, దానికి వేళ్లు ఇవ్వక్కర్లేదు. ఆ వేళ్లు పోయింది చరణానికి కూడా కాదు, "లేదండి" అన్న ఒక్క మాటకి. ఎలా చూసినా ధర ఎక్కువే పడింది.