సమ్మయ్యన్న ఓటు ఏ బూత్‌లో?

పొద్దున సుబేదారి కాలేజీలో మా డిగ్రీ పిల్లలకు ఓటరు ప్రవర్తన పాఠం చెప్పాను. పొట్ట కొట్టిన నాయకుణ్ణి ఓటరు ఊరికే వదలడని బల్లగుద్ది మరీ చెప్పాను.

సాయంత్రం కొత్తవాడలో జంపఖానాలు నేసే సమ్మయ్యన్న ఇంటికి వెళ్లాను. అమెరికా పోవాల్సిన జంపఖానా మగ్గం మీద సగంలోనే ఆగి ఉంది. అక్కడి ప్రెసిడెంటు సుంకం పెంచాడని, సరుకు ఎగుమతి చేసే సేటు ఆర్డరు ఆపేయించాడట.

"కార్పొరేటర్‌ను ఓడగొట్టినం, ఎమ్మెల్యేను ఓడగొట్టినం. మరి గా అమెరికాయన్ను ఓడగొట్టాలంటే నేనేడ ఓటెయ్యాలె సార్?" అన్నాడు.

ఇరవై ఏళ్లుగా చెబుతున్న పాఠంలో దీనికి జవాబు లేదు. నా మీద నాకే ఒళ్లు మండింది. రేపు పదింటికి రెండో సెక్షనుకు మళ్లీ అదే పాఠం. సమ్మయ్యన్న ఓటు ఏ బూత్‌లో ఉందో తెలిసినవాళ్లు పదిలోపు చెప్పండి.