మూయించిన గండ్లు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను మంథని నుంచి పెద్దపల్లి పోయే రోడ్డు మీద ఓవర్సీర్‌ని. ఇరవై మూడేళ్లు. ఒక సైకిలు, తల మీద టోపీ, జేబులో టేపు. నీళ్లు పల్లానికి పారుతాయన్న సంగతి నేనే కనిపెట్టినంత పొగరు.

నా కింద గ్యాంగుకు ఒక మేస్త్రి ఉండేవాడు. నిజాం కాలం నుంచీ అదే రోడ్డు మీద పని. చదువు లేదు. ఎండాకాలంలో రోడ్డు పక్క కాలువలు తోడించి, ఆ మట్టిని రోడ్డంచున కట్టలా పోయించేవాడు. తొలకరి వానల మిరుగం కార్తె దగ్గర పడగానే పార భుజాన వేసుకుని వచ్చి, ఆ కట్టకు ఇరవై అడుగులకొకటి చొప్పున గండ్లు కొట్టేవాడు. రోడ్డు మీద పడ్డ వాన వాటిలోంచి కాలువలోకి దిగిపోయేది. టేపు పట్టి కొలిచింది ఎన్నడూ లేదు. ఉత్త కాళ్లతో నడుస్తూ, నేలను పాదంతో తడిమి "ఈడ" అనేవాడు. నాకది నవ్వులాటగా ఉండేది.

ఆ ఏడు పెద్ద ఇంజనీరు తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. రోడ్డంచు తాడు పట్టినట్టు తిన్నగా ఉంటే తప్ప ఆయనకు నచ్చదని అందరూ చెప్పుకునేవారు. నేను తాడు పట్టి చూశాను. కట్ట తిన్నగానే ఉంది. గండ్లే పళ్లూడిన నోరులా కనిపించాయి. అన్నీ మూయమన్నాను.

"సారూ, ముందట సాలోళ్ల వాడున్నది. నీళ్లకు తొవ్వ లేకుంటే రోడ్డు పొంటి పారి ఆళ్ల ఇండ్లల్లకే పోతయి," అన్నాడు మేస్త్రి.

"రెండు దినాలే కద. పెద్దసారు వచ్చిపోయినంక మళ్ల కొట్టుకో."

అతను గ్యాంగుతో అన్నీ మూయించాడు. నేను ఊరుకోక, కట్ట పొడుగునా సున్నం పూసిన రాళ్లు కూడా పేర్పించాను.

పెద్ద ఇంజనీరు జీపు చెడిపోయింది. రెండు రోజులు కాస్తా వారమైంది. ఆరో రోజు మేస్త్రి పార పట్టుకుని నా గది ముందుకు వచ్చాడు.

"మొగులైంది సారూ, వాన పడేటట్టున్నది. జర గండ్లు కొట్టుకుంట."

"రేపే వస్తుండట. గిప్పుడు నా ఇజ్జత్ తియ్యకు," అని కసిరాను.

అతను వెళ్లలేదు. పార పక్కన పెట్టి, చూరు కింద గొంతుక్కూర్చున్నాడు. అలా కూర్చోవడం కూడా నాకు కోపం తెప్పించింది.

మధ్యాహ్నం వాన దంచికొట్టింది. ఇద్దరం పరుగెత్తాం. అప్పటికే రోడ్డు వాగయింది. సాలోళ్ల వాడలో నేతగాళ్ల ఇళ్లన్నీ రోడ్డుకన్నా పల్లంలో ఉంటాయి. మగ్గాలు గుంట మగ్గాలు. ఒక ఇంట్లో భర్త మగ్గం మీది పడుగు నూలు తడవకుండా రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు. అయినా రంగు కారుతూనే ఉంది. కాళ్లు పెట్టి నేసే గుంటలోంచి భార్య చెంబుతో నీళ్లు తోడుతోంది. మేస్త్రిని చూసి, "ఎన్నడు రాని నీళ్లు గీయేడు ఎట్లొచ్చినయి, పెద్దయ్యా?" అంది. అతను నా వైపు చూశాడు. నేను రోడ్డు వైపు చూశాను.

మర్నాడు పెద్ద ఇంజనీరు రానే వచ్చాడు. ఊరంతా చుట్టుముట్టింది. "కట్టకు గండ్లెందుకు లేవు?" అని నన్ను అడిగాడు. నా నౌకరీ ఇంకా పర్మనెంటు కాలేదు.

"మేస్త్రి మూయించాడండీ," అన్నాను.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మేస్త్రి నా పక్కనే నిలబడి ఉన్నాడు. నోరు విప్పుతాడని భయపడ్డాను. విప్పలేదు. ఆ పూటే అతన్ని పనిలోంచి తీసేశారు. సర్కారు పారను కాలువ నీళ్లలో శుభ్రంగా కడిగి, నా చేతికిచ్చి వెళ్లిపోయాడు.

తర్వాత నాకు ఆసిఫాబాద్ బదిలీ అయింది. ప్రమోషన్లూ వచ్చాయి. ఏటా మిరుగం రాగానే, అతన్ని మళ్లీ పనిలోకి తీసుకోమని పైకి రాద్దామనుకునేవాణ్ని. అది రాస్తే నా సంగతీ రాయాలి. అందుకే రాయలేదు. పిరికితనానికి ఇంకో పేరు పెట్టుకోవడం నాకిప్పుడు ఇష్టం లేదు.

చాలా ఏళ్ల తర్వాత అదే రోడ్డుకు తనిఖీకి వెళ్లాను. ఈసారి జీపులో వచ్చిన పెద్దసారును నేనే. కట్టకు ఇరవై అడుగులకొకటి గండి కనిపించింది. ఎవరు కొట్టారని కొత్త మేస్త్రిని అడిగాను.

"మేం కొట్టలే సారూ. ఒక ముసలాయన ఉన్నడు. మిరుగమొస్తే సొంత పార పట్టుకొని వస్తడు. వద్దంటే ఇనడు."

కొంచెం ముందుకు పోతే వంగి మట్టి తీస్తూ అతనే కనిపించాడు. జీపు దిగాను. నన్ను గుర్తుపట్టి నడుం ఎత్తాడు.

"మంచిగున్నరా సారూ? తనిఖీకొచ్చిండ్రా?" అని, ఎత్తిపొడుపేమీ లేకుండా, నిజంగానే అడిగాడు. "మూయమంటరా?"

"వద్దు," అన్నాను. చెప్పాల్సిన మాట అది కాదు. అతను తలూపి, పాదంతో నేలను తడుముకుంటూ తర్వాతి గండి దగ్గరికి నడిచాడు. నేను జీపెక్కాను.