పద్నాలుగో అంశం

పొద్దుగూకే వేళ దొడ్డి తడికను రెండు గొర్రెలు పట్టేంత సందు తీసి, జీవాలను జతలు జతలుగా లోపలికి తోలుతూ లెక్కపెట్టడం ఓబమ్మకు ఏడో ఏట వచ్చిన విద్య. బడి రెండో తరగతితో సరి. అయినా నూట ఇరవై జీవాల్లో ఒకటి తగ్గితే ఏది తగ్గిందో, దాని తల్లి ఏదో కూడా చెప్పగలదు. ఈ విద్య ప్రజాస్వామ్యానికి పనికొస్తుందని నలభై నాలుగేళ్ల వరకూ ఆమెకు గానీ ప్రజాస్వామ్యానికి గానీ తెలియదు.

గార్లదిన్నె దాటి గుత్తి వైపు పోయే దారికి దూరంగా, గుట్టల వెనక ఉంటుంది కరిగుట్టపల్లి. ఆ ఊరి ఎంపీటీసీ స్థానం ఆడవాళ్లకు వచ్చినప్పుడు పెద్దలు వెంకటప్పను మనసులో పెట్టుకుని అతని భార్య ఓబమ్మ చేత నామినేషన్ వేయించారు. ఆమె గెలిచింది. మొదటి మండల సమావేశానికి వెంకటప్ప ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ఆమె కుర్చీలో కూర్చున్నాడు.

"మీరెవరండీ?" అంది ఎంపీడీవో పద్మజ.

"ఆమె మొగుణ్ణి మేడమ్."

"మంచిది. మొగుళ్లకు కుర్చీలు వరండాలో వేయించాం."

అలా ఓబమ్మ సభలోకి, వెంకటప్ప వరండాలోకి వెళ్లారు. నిజానికి ఆ సభ చిన్నదేమీ కాదు. పదహారు మంది సభ్యులు, ఒక అధ్యక్షుడు, మూడు ఫ్యాన్లు, అందులో తిరిగేది ఒకటి. మూడు నెలలకోసారి కూడాలి. ఏ రోజు కూడాలో సభే తేల్చుకుంటుంది: అమావాస్య కాకూడదు, మంగళవారం కాకూడదు, పెళ్లిళ్లు ఉండకూడదు, చెనక్కాయ పెరికే రోజులు కాకూడదు. ఇన్నీ పోగా క్యాలెండర్లో ఒంటరిగా మిగిలిన రోజున సభ జరిగేది.

మాట్లాడే పద్ధతి కూడా సభ రాసుకున్నదే. లేచి నిలబడాలి. మూడు నిమిషాలు దాటకూడదు. దాటితే అటెండర్ బయ్యన్న గంట కొడతాడు. ఒకప్పుడు సభ్యులు పొద్దున సంతకం చేసి ఇంటికి పోయి పడుకునేవారట. అందుకని మధ్యాహ్నం మళ్లీ సంతకం పెట్టాలని, అధ్యక్షుడు కాక సభ్యులు ఆరుగురికి తగ్గితే ఏ తీర్మానమూ చెల్లదని కూడా రాసుకున్నారు. ఒంటిగంటకు భోజనం అనే నియమం మాత్రం ఎక్కడా రాసి లేదు. అందువల్లనేమో, దాన్ని ఎవరూ ఏనాడూ అతిక్రమించలేదు.

చర్చించాల్సిన అంశాల వరుస ఎవరో పాతకాలపు గుమాస్తా టైపు చేసింది. తారీఖులు మార్చి దాన్నే జిరాక్సు తీస్తూ వచ్చారు. ఒకటో అంశం గత సమావేశపు మినిట్స్ ఆమోదం. ఐదోది రోడ్లు. తొమ్మిదోది స్వాగత తోరణాలు, వాటిపై ఎవరి పేరు ఎంత లావుగా రాయాలన్నది. తాగునీళ్లు పద్నాలుగోది. తొమ్మిదో అంశం ముగిసేసరికి పక్క గదిలోంచి కోడికూర వాసన వచ్చేది. ఆ తర్వాత ఐదు అంశాలను ఎవరు విన్నారో చరిత్రకు తెలియదు.

ఓబమ్మ గెలిచిన మరుసటి ఏడు కరిగుట్టపల్లి బోరు ఎండిపోయింది. రెండు రోజులకోసారి ట్యాంకరు వస్తుంది. వచ్చే వేళ దాని ఇష్టం. రెండు కిలోమీటర్ల అవతల పక్క ఊరి బోరులో నీళ్లున్నాయి, పైపు వేయాలి. మార్చి సమావేశంలో పద్నాలుగో అంశంగా ఓబమ్మ ఆ పైపు అడిగింది.

భోజనమయ్యాక ఆమె అలవాటు కొద్దీ తలుపు వైపు చూసింది. రెండు జతలు, తాను. ఐదు. వెనక ఇంకెవరూ రాలేదు.

అధ్యక్షుడు హరినాథ్ పళ్లలో పుల్ల తిప్పుతూ, "కరిగుట్టపల్లికి పైపు. ఆమోదమేనా?" అన్నాడు.

ఐదుగురు అని ఓబమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. అంటే సభ ఆగిపోతుంది. అనకపోతే పైపు వస్తుంది. ఆమె నోరు మూసుకుంది. ఆమోదమైంది. బస్సులో ఇంటికి వస్తూ దారి పొడవునా వెంకటప్పకు పైపు ఏ గుట్ట పక్కనుంచి వస్తుందో చేత్తో చూపించింది.

ఏప్రిల్ ఆఖరులో ట్యాంకరు మిట్టమధ్యాహ్నం వచ్చింది. ఓబమ్మ జీవాలతో గుట్టకు పోయి ఉంది. అత్త నాగలక్ష్మమ్మ రెండు బిందెలు తీసుకుని వరసలో నిలబడింది. డెబ్బై దాటిన మనిషి. ఎండకు తట్టుకోలేక అక్కడే కూలబడింది. అనంతపురం ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ఎవరో ఆమె బిందెలు నింపి, ఇంటి గడప దగ్గర పెట్టి పోయారు. ఆ నీళ్లను ఏం చేయాలో చాలాసేపు ఎవరికీ తోచలేదు. చివరికి ఆమెకు స్నానం చేయించడానికి వాడారు.

మే రెండో వారంలో ఫైలు తిరిగొచ్చింది. మధ్యాహ్నం సంతకాలు ఐదే ఉన్నాయి గనుక తీర్మానం చెల్లదని పైఆఫీసు వాళ్లు ఎర్రసిరాతో రాసి పంపారు. పద్మజ అది చదివి వినిపిస్తే ఓబమ్మ, "ఆ పొద్దు నేను లెక్కపెట్టినా మేడమ్," అంది.

జూన్ సమావేశంలో ఒకటో అంశం కాకముందే ఆమె లేచింది.

"పద్నాలుగోది ముందు తీసుకోండప్పా. లేదంటే కూడు అన్నిటికన్నా ఎనక పెట్టండి."

సభ ఘొల్లున నవ్వింది. ఓబులేష్ అనే సభ్యుడు, స్వాగత తోరణాల మీద మక్కువ గలవాడు, లేచి నిలబడ్డాడు. "ఏమక్కా, మీ ఊర్లో నీళ్లు ల్యాకుంటే మాకు కూడు ల్యాకుండా చేస్తావా?"

"కూడు యాడికి పోతాది అన్నా? ఆడనే ఉంటాది. పోయేది మీరే."

హరినాథ్ గంభీరంగా గొంతు సవరించుకున్నాడు. "అక్కా, రూల్సు పైనుంచి వచ్చినాయి. మనం మార్చేకి ల్యాదు."

"ఒంటిగంటకు తినాలని ఏ పుస్తకంలో ఉండాది మేడమ్?"

పద్మజ పుస్తకం తిరగేసింది. నిజంగానే చివరిదాకా తిరగేసింది. "ఎక్కడా లేదు. వరుసను కూడా సభే మార్చుకోవచ్చు, ఎక్కువమంది ఒప్పుకుంటే."

ఆ మండల చరిత్రలో సభ్యులందరూ పాల్గొన్న ఏకైక చర్చ అది. షుగరున్న వాళ్ల గురించి మాట్లాడారు, చల్లారిన అన్నం గురించి మాట్లాడారు, మన సంప్రదాయం గురించి మాట్లాడారు. బయ్యన్న పదకొండుసార్లు గంట కొట్టాడు. చేతులెత్తమంటే ఓబమ్మ వైపు ఆరు, భోజనం వైపు తొమ్మిది. ఒకాయన రెండుసార్లూ ఎత్తలేదు.

ఒంటిగంటకు అందరూ లేచారు. ఓబమ్మ తినలేదు. తిరిగి వచ్చేవాళ్లను తలుపు దగ్గర నిలబడి చూసింది. పొద్దున ఆమె వైపు చేయెత్తిన వాళ్లలో కూడా ఇద్దరు బస్సుకు వేళైందని జారుకున్నారు. రెండు జతలు, తాను. ఐదు.

హరినాథ్ వడివడిగా పదమూడు దాకా ముగించాడు. ఆమె మీద కాస్త జాలి కూడా పడ్డాడు. "పద్నాలుగు. కరిగుట్టపల్లి పైపు. దీనికి ఎవురూ అడ్డం చెప్పరులే. ఆమోదమేనా?"

"కాదు," అంది ఓబమ్మ.

హరినాథ్ తలెత్తి చూశాడు. "ఏమక్కా, నీ పైపుకు నువ్వే అడ్డం చెప్తావా?"

"ఐదుమందిమే ఉండాము. పోయినసారి కూడా ఐదుమందే. నేను సూసి గూడా నోరు మూసుకున్యా. మా అత్త పోయింది. ఈసారి మూసుకోను. లెక్క సరిపోయినాంకే అడగండి."

పద్మజ నెమ్మదిగా, "ఆమె అన్నది రూలే సార్. అరగంట ఆగి చూద్దాం," అంది. హరినాథ్ పుల్ల పక్కన పెట్టాడు.

బయ్యన్న ఎవరూ చెప్పకుండానే గంట తీసుకుని బయటికి నడిచాడు. ఇరవయ్యేళ్లుగా మాటలు ఆపడానికే మోగిన గంట అది. బస్టాండుకు పోయాడు; బస్సు వెళ్లిపోయింది. టీ కొట్టు దగ్గర మోగించాడు. కుక్క ఒకటి లేచింది. బంకు దగ్గర పెట్రోలు పోయించుకుంటున్న ఓబులేష్ కనిపించాడు.

"సభ పిలుస్తాండాది అన్నా."

"ఏం సభ? అయిపోలా?"

"ఓబమ్మక్క ఆపేసింది. వాళ్ల పైపునే ఆపేసింది. ఒక మనిషి తక్కువంట."

ఓబులేష్ కాసేపు బండి అద్దంలో తన ముఖం చూసుకున్నాడు. తర్వాత బండి తిప్పాడు. నోటినిండా వక్కాకుతో లోపలికి వచ్చి, ఎవరి వైపూ చూడకుండా రిజిస్టరులో ఆరో సంతకం పెట్టాడు. ఆమోదమేనా అంటే నోరు తెరవలేక చేయెత్తాడు.

అందరూ లేవబోతుండగా వక్కాకు ఉమ్మి వచ్చి, అతనే అడిగాడు: "పొద్దున అక్క చెప్పిన కూడు సంగతి మళ్లా ఓటుకు పెట్టండి. ప్రతిసారీ నన్ను బంకుకాడ్నుంచి పట్టకరావల్లనా?"

"ఒకే విషయం ఒకేరోజు రెండుసార్లు ఓటుకు పెట్టకూడదని మనమే రాసుకున్నాం," అంది పద్మజ. సభ తన నియమాన్ని తానే గౌరవించి మూడు నెలలు ఆగింది. సెప్టెంబరులో పదమూడు చేతులు లేచాయి.

పైపు డిసెంబరులో వచ్చింది. కొళాయి తిప్పిన రోజు ఊరంతా పోగైంది. ఓబమ్మ ఇంటికి పోయి, గడప దగ్గర బోర్లించి ఉన్న అత్త బిందెలు రెండూ తెచ్చి వరసలో పెట్టింది. ముందుకు రమ్మన్నారు. రాలేదు. వంతు వచ్చేదాకా నిలబడింది.

ఇప్పుడు ఆ మండలంలో తాగునీళ్లు రెండో అంశం. పదిహేనో అంశం భోజనం. హరినాథ్ చదివి వినిపిస్తాడు, ఆమోదమేనా అని అడుగుతాడు. అందరూ ఓబమ్మ వైపు చూస్తారు. ఆమె ఆ గదిని జతలు జతలుగా ఒకసారి లెక్కపెట్టి, సరిపోతేనే తల ఊపుతుంది.