వేడెక్కాక పట్టేసిన బ్రేకు

ఉదయం ఐదున్నరకు ఫిలింనగర్ వెనక బండల మీదికి చేరుకుని రిపోర్టు చేశాను. ఏప్రిల్ నెల. గాలి లేదు. నా దగ్గర పానాల సంచి ఒకటి, నీళ్ల సీసా ఒకటి. సైన్యంలో పద్దెనిమిదేళ్లు బళ్లు బాగుచేసి బయటికొచ్చాక దొరికిన మొదటి డ్యూటీ. పన్నెండు రోజులు. మా రహమత్ నగర్ గల్లీలో అందరూ సరిహద్దు కబుర్లు అడుగుతారు. నేను ఈ డ్యూటీ గురించే చెబుతాను.

నాకిచ్చిన ఆదేశం ఒక్కటే. సినిమాలో కథానాయిక నడిపే పాత మోటార్‌ సైకిల్ ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. నిజానికి దాన్ని నడిపేది ఆమె డూప్. షేక్‌పేట మనిషి, ముప్ఫై దాటి ఉంటాయి. బాట రెండు వందల అడుగుల పల్లం. వదులు మట్టి. చివర ఇల్లంత బండ. దానికి పది అడుగుల ముందు బండి ఆగాలి.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆమె రిహార్సల్ చేసి వచ్చింది.

"అన్నా, ముందు బ్రేకు పట్టేస్తుంది. లీవర్ ఇడిచినా చక్రం ఇడుస్తలేదు."

బండికి స్టాండు వేసి, డిస్కును రెండు వైపులా నొక్కే కాలిపర్ విప్పాను. పిస్టన్ల చుట్టూ దుమ్ము. తుడిచి బిగించాను. చేత్తో తిప్పితే చక్రం చప్పుడు లేకుండా తిరిగింది. "ఫిట్" అన్నాను. సైన్యంలో నా నోట ఆ మాట వచ్చాక మళ్లీ ఎవరూ అడిగేవారు కాదు.

ఆమె రెండుసార్లు బాగానే దిగింది. మూడోసారి సగం పల్లంలో బండి అడ్డం తిరిగింది. కాళ్లు ఆనించి ఎలాగో ఆపుకుని, నడిపించుకుంటూ పైకి వచ్చింది.

"నువ్వు సల్లగున్నప్పుడు చూసినవ్. జర వేడెక్కినంక చూడన్నా."

నాకు కోపం వచ్చింది. టైము ఐదూ నలభై. వాకీటాకీలో అసిస్టెంట్ డైరెక్టర్ గొంతు: "సార్, లైట్ పోతోంది. బండి రెడీయా?"

ఫైట్ మాస్టర్ నా వైపు చూశాడు. "మీరు సరే అంటే పంపిస్తానండీ."

సరే అనబోయాను. ఆమె హెల్మెట్ తీయకుండా బండి పక్కనే నిలబడింది. నేను పంపితే వెళ్లేదే.

"పావుగంట ఆగండి," అన్నాను.

నేనే బండెక్కాను. పైనున్న చదునులో తిప్పుతూ ఆరుసార్లు బ్రేకు పట్టి వదిలాను. ఏడోసారి చక్రం బిగుసుకుంది. కాలిపర్ దగ్గర, గాలి తీసే నట్టు వదులు చేశాను. ఆయిలు చిమ్మింది, చక్రం వదిలింది. అంటే పిస్టన్లు ఇరుక్కోలేదు, ఒత్తిడే పైనెక్కడో చిక్కుకుంటోంది. నట్టు బిగించి, చక్రం మళ్లీ పట్టేసేదాకా బండి తిప్పాను. ఈసారి పైన, లీవర్ దగ్గర పైపు కలిసేచోట వదులు చేశాను. చక్రం కదల్లేదు, అంటే ఒత్తిడి చిక్కుకున్నది లీవర్ దగ్గరా కాదు. ఇక మిగిలింది మధ్యనున్న రబ్బరు పైపు. పైకి బాగానే ఉంది. లోపల ఉబ్బి, ఆయిలును కిందికి పోనిస్తోంది, వెనక్కి రానివ్వడం లేదు.

"ఇయ్యాల కాదు," అన్నాను వాకీటాకీలో. కాసేపు గరగర. తర్వాత, "ఓకే సార్. ప్యాకప్."

ఆమె దగ్గరికి వెళ్లాను. "తప్పు నాదే చెల్లె. సరిగ చూడకుండనే ఫిట్ అన్న."

"ఇప్పుడు చూసినవ్ గదన్నా."

మర్నాడు దుకాణాలు తెరిచాక కొత్త పైపు తెచ్చి వేశాను. ఆయిలు మార్చి, గాలి తీసి, ఇరవైసార్లు వేడెక్కించి చూశాను. నాలుగూ పదికి ఆమె దిగింది. బండకు పది అడుగుల ముందు ఆగింది. ఒకే టేకు.

పన్నెండో రోజు సంచి సర్దుకుని, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు మీదుగా ఇంటికి వచ్చేశాను. తర్వాత సినిమా చూశాను. ఆ షాట్ మూడు సెకన్లు. కనిపించేది కథానాయిక ముఖం.

నాకు గుర్తొచ్చేది అది కాదు. తొమ్మిదో రోజు, ప్యాకప్ చెప్పాక, లైట్లు మోసేవాళ్లు అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆమె ఒక రాయి మీద కూర్చుని ఉంది. టీ కప్పును రెండు చేతులా పట్టుకుంది. టీ తొణికి వేళ్ల మీద పడుతోంది. ఆమెకు అది తెలియడం లేదు.