చార్జర్ మీద తడిగుడ్డ

కరెంటు వచ్చింది. ఫ్యాను ఒక చుట్టు బద్ధకంగా తిరిగి, రెండో చుట్టుకి ఊపందుకుంది. ఆ మొదటి గాలితోనే నా ముక్కుకి ఒక వాసన తగిలింది. అన్నం మాడిన వాసన కాదు, పొయ్యి పొగ కాదు. ఎండలో వదిలేసిన కొత్త ప్లాస్టిక్ చెప్పుల వాసన లాంటిది, దాని వెనక ఏదో తియ్యటి ఘాటు. పాపకు జడ అల్లుతున్న చెయ్యి ఆగిపోయింది. తల తిప్పి చూస్తే మంచం కింద నుంచి సన్నగా ఆవిరి లేస్తోంది. మంచం మీద మా బాబు బోర్లా పడుకుని నిద్రపోతున్నాడు.

బాబును భుజాన వేసుకుని, పాపను సగం అల్లిన జడతోనే లాక్కుని, గుమ్మం పక్కనున్న మెయిన్ కట్టేసి వాకిట్లోకి పరుగెత్తాను. పక్కింటి అరుగు మీద ఇద్దరినీ కూర్చోబెట్టి వెనక్కి తిరిగేసరికి మా అత్తమ్మ ఇంట్లోకి పోతోంది.

"అత్తమ్మా, లోపలికి పోకుండ్రి!"

"నా కొడుకు సామాను బిడ్డా!"

మిషన్లున్న బరువైన సంచిని రెండు చేతులా ఈడ్చుకుంటూ గడప దాటించింది. దాన్ని వాకిట్లో వదిలి మళ్లీ లోపలికి తిరిగింది. ఈసారి నేను మణికట్టు పట్టుకుని ఆపాను. ఆమె విదిలించుకుంది. నేను వదల్లేదు. ఇంట్లో మంట లేవలేదు. కాసేపటికి ఆవిరి కూడా తగ్గింది. అయినా ఈ రోజుకీ కళ్లు మూసుకుంటే నాకు ముందు కనిపించేది ఆవిరి కాదు, ఆ సంచి కోసం గడప దాటుతున్న అత్తమ్మ వీపు.

మా ఆయన తలుపులు, కిటికీలు బిగించే పని చేస్తాడు. పర్ణశాల దారిలో, అడవి అంచు పల్లెల్లో ఎక్కువ పని. అక్కడ కొత్త ఇల్లు లేచేసరికి ఇంకా మీటరు రాదు. వచ్చినా గాలిదుమారం లేస్తే కరెంటు పోతుంది, ఎప్పుడొస్తుందో తెలియదు. ఇంతకు ముందు జనరేటర్ కిరాయికి తెచ్చుకునేవాడు. వైరు లేని మిషన్లు కొన్నాక ఆ తిప్పలు పోయాయి. డ్రిల్లు, స్క్రూలు బిగించే మిషను, కట్టర్, అన్నీ బ్యాటరీ మీదే. పొద్దున్నే బండికి బ్యాటరీలు కట్టుకుని, బడికి టిఫిన్ డబ్బా పట్టుకుపోయే పిల్లాడిలా వెళ్తాడు. అవి ఖాళీ అయితే పని అక్కడితో ఆగినట్టే.

అందుకే మా ఇంట్లో కరెంటు ఉన్నంతసేపూ ఏదో ఒక బ్యాటరీ చార్జింగ్‌లో ఉంటుంది. ఉన్నవి రెండు చార్జర్లు. ఒకటి డ్రిల్లుతో వచ్చింది. ఇంకొకటి సంతలో దొరికింది, ఏ కంపెనీ బ్యాటరీ అయినా పడుతుందని ఇచ్చారు. రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి. పిల్లల చేతికి అందకుండా మంచం కింద, గోడ వైపు పెట్టుకున్నాం.

కర్రతో ఆ బోర్డును వాకిట్లోకి లాగి చూశాను. రెండు చార్జర్ల మీదా మడత పెట్టిన తువాలు, ఇంకా తడిగా ఉంది. సంతలో కొన్న చార్జర్ పైమూత మెత్తబడి వంగిపోయింది. దానిలోని బ్యాటరీ దగ్గరికి చెయ్యి తీసుకెళ్తేనే సెగ తగులుతోంది. చార్జర్‌తో సహా దాన్ని ఇంటికి దూరంగా, ఇసుక కుప్ప మీదికి కర్రతోనే నెట్టాను.

మిగిలిన బ్యాటరీల కోసం మా ఆయన మధ్యాహ్నం అనుకున్న వేళకే వచ్చాడు. ఎల్లుండి ఒక గూడెంలో గృహప్రవేశం, ఆ ఇంటికి ఒక్క తలుపూ ఇంకా ఎక్కలేదు. వాకిట్లో సామానంతా చూసి నిలబడిపోయాడు.

"ఈ తువాల ఎవరు కప్పిండ్రు?"

అత్తమ్మే చెప్పింది.

"నేనే కప్పిన. నువ్వు పోయినంక చెయ్యి పెట్టి జూస్తే గా డబ్బా జరం వచ్చినట్టు కాలుతాంది. సల్లబడ్తదని తడిపి ఏసిన."

"దానికి దూపయితదా ఏందమ్మా, నీళ్ల రంజన్‌కు చుట్టినట్టు చుట్టినవ్?"

"నాకేం తెలుసు రా? నీకు జరమొస్తే నెత్తి మీద ఏసింది గిట్లాంటి తువాలనే. నువ్వు సల్లబడలేదా?"

ఆయన నవ్వబోయాడు. తెరిచి ఉన్న తలుపులోంచి మంచం మీద బాబు దిండు కనిపించింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

మా అత్తమ్మకు వేసవి వచ్చిందంటే తడిగుడ్డే మందు. వరండాలో బండ మీద రంజన్, అంటే మంచినీళ్ల మట్టికుండ, ఉంటుంది. దాని చుట్టూ గోనెపట్టా కట్టి పొద్దునా సాయంత్రం తడుపుతుంది. పాలగిన్నెకు తడిగుడ్డ, జ్వరం వచ్చిన పిల్లల నుదుటికి తడిగుడ్డ, ఎండలో కాలిన బండి సీటుకి కూడా తడిగుడ్డే. వేడెక్కినదాన్ని చల్లబరచడం ఆమెకు తెలిసినంతగా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పెళ్లయి వచ్చిన మొదటి వేసవిలో నాకు వడదెబ్బ తగిలితే, నా అరికాళ్లకు తడిగుడ్డ చుట్టి, ఆరినప్పుడల్లా మారుస్తూ పక్కనే కూర్చున్నది ఈమే. చార్జర్ పైన గాలి కోసం రంధ్రాలుంటాయని, వాటిని మూస్తే లోపలి వేడి లోపలే ఉండిపోతుందని, నీళ్లు పోతే ఇంకా ముప్పని ఆమెకు ఎవరు చెప్పారు? అంతకు ముందు నుంచే అది కాలుతోంది కూడా. ఆ తువాలు వల్లే ఆవిరి లేచింది, ఆవిరి వల్లే నా కళ్లు అటు పోయాయి అని కూడా ఒక్కోసారి అనిపిస్తుంది. అలా అనుకుంటే మనసు తేలికపడుతుంది. అందుకే అలాగే అనుకుంటున్నాను.

ఆ క్షణంలో మాత్రం నాది ఒకటే మాట.

"ఇంక ఈ ఇంట్ల చార్జింగ్ వద్దు."

"వద్దంటే తలుపులు ఎట్ల బిగించాలె? ఎల్లుండి వాళ్లు పాలు పొంగించుకుంటరు."

"పిల్లలు పండుకునే మంచం కింద వద్దు."

ఆయన ఇసుక కుప్ప దగ్గరికి పోయి ఆ వంగిన మూతను కర్రతో కదిపి చూశాడు. తర్వాత అన్నాడు: "పా, భద్రాచలం పోదాం. నువ్వే ఎంచు. నీకు ధైర్యం రాకపోతే చార్జర్ ఊసే ఎత్త. జనరేటర్ కిరాయికి తెచ్చుకుంట."

ఆ మాటకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. నా భయాన్ని చాదస్తమని కొట్టేయలేదు. తన పనిముట్టు విషయంలో తీర్పు నా చేతిలో పెట్టాడు.

పిల్లలను, అత్తమ్మను పక్కింటి వాళ్లకు అప్పజెప్పి, మిగిలిన బ్యాటరీలు సంచిలో వేసుకుని బండెక్కాం. దారి పొడవునా నేను ఫోన్‌లో చదువుతూనే ఉన్నాను. ఖమ్మంలో డిగ్రీ చదివేటప్పుడు పరీక్ష ముందు కూడా అంత శ్రద్ధగా చదివి ఉండను. గోదావరి ఎప్పుడు పక్కకు వచ్చిందో, ఎప్పుడు దూరమైందో చూడలేదు.

భద్రాచలంలో మేము వెళ్లిన దుకాణం ఒకప్పుడు తాళాలు, తలుపులకు బిగించే కబ్జాలు అమ్మేది. ఇప్పుడు మిషన్లు కూడా పెట్టారు. దుకాణం భాయ్ మా ఆయనకు పాత పరిచయం. జరిగింది మొత్తం విని ముందు అడిగింది, "పిల్లలు మంచిగున్నరా చెల్లె?" అని. తర్వాతే బ్యాటరీ సంగతి.

"కాలిన బ్యాటరీ మళ్ల చార్జింగ్ పెట్టకుండ్రి. ఇంట్ల పెట్టుకోకుండ్రి, చెత్తల పారేయకుండ్రి. బయట ఇసుకలనే ఉండనియ్యుండ్రి. సర్వీసు వాళ్లని అడిగి ఏం జేయాలెనో చెప్త."

కౌంటర్ మీద మూడు చార్జర్లు పెట్టాడు. అన్నీ నాలుగు బ్యాటరీలు పట్టేవే. మొదటిది ఏ కంపెనీ బ్యాటరీ అయినా పడుతుంది, చవక. నేను అడగకముందే దాన్ని పక్కకు నెట్టేశాడు.

"మీరు సంతల కొన్నది గీ జాతిదే. ఇంకెవరికైనా అమ్ముతనేమో గానీ, ఇయ్యాల మీకైతే అమ్మను."

మిగిలిన రెండూ మా బ్యాటరీల కంపెనీవే. ఒకటి నాలుగింటినీ ఒకేసారి ఎక్కిస్తుంది. ఇంకొకటి ఒకటి నిండాక ఇంకొకటి, వరసగా ఎక్కిస్తుంది. మా ఆయన చెయ్యి ఒకేసారి ఎక్కించేదాని మీదికే పోయింది.

"నాలుగు ఒకేసారి అంటే ఎంత కరెంటు గుంజుతది భాయ్?" అని అడిగాను.

"బాగనే గుంజుతది. ఎక్స్‌టెన్షన్ బోర్డు పనికిరాదు. గోడ ప్లగ్గుకే పెట్టాలె, ఇంట్ల వైరింగ్ గట్టిగుండాలె."

మా ఇంటి వైరింగ్ మా మామగారి కాలం నాటిది. సాయంత్రం ఊళ్లో అందరి లైట్లూ వెలిగితే మా ట్యూబులైటు కొట్టుకుంటుంది. నేను వరసగా ఎక్కించేదాన్ని ముందుకు లాక్కున్నాను. నిండాక దానంతట అదే ఆగుతుందా? ఆగుతుంది. వేడెక్కిన బ్యాటరీ పెడితే? చల్లారేదాకా ఎక్కించదు, ఎర్రలైటు కొట్టుకుంటుంది.

"మధ్యల కరెంటు పోయి వస్తే? మళ్ల మొదటి నుంచి మొదలైతదా?"

భాయ్ తల గోక్కున్నాడు. "గది నాకు తెల్వదు. ఇప్పుడే పోగొట్టి చూద్దాం."

సగం నిండిన బ్యాటరీ ఒకటి, నిండింది ఒకటి పెట్టి ప్లగ్గు పీకాడు. లైట్లు ఆరిపోయాయి. మళ్లీ పెట్టాడు. ముగ్గురం తలలు ఆనించి చూస్తున్నాం. లైటు నిండినదాన్ని ఒకసారి పలకరించినట్టు మెరిసి, దాన్ని దాటేసి సగందాని దగ్గర ఆగింది. నేను చార్జర్ మీద అరచెయ్యి పెట్టాను. కాసేపాగి మళ్లీ పెట్టాను. మళ్లీ.

"చార్జర్ కొంటున్నవా, అల్లుణ్ణి చూస్తున్నవా చెల్లె?" అన్నాడు భాయ్.

"అల్లుడైతే వాళ్లింట్ల ఉంటడు భాయ్. ఇది మా ఇంట్లనే ఉంటది."

"పెండ్లిచూపులల్ల నన్ను గింత చూసుకోలే" అన్నాడు మా ఆయన. పొద్దున్నుంచీ మేమిద్దరం నవ్వింది అప్పుడే.

కానీ ఆయన బెంగ ఆయనకుంది. వరసగా ఎక్కించేదంటే తెల్లారేసరికి అన్నీ నిండుతాయా? రాత్రి కరెంటు పోతే? రేపు పని ఆగితే ఆ గూడెం వాళ్లకు ఏ మొహం చూపించాలి? భాయ్ మా సంచిలోని ఖాళీ బ్యాటరీలు తీసుకుని, ఒకేసారి ఎక్కించే చార్జర్‌ను తన దుకాణం ప్లగ్గుకి పెట్టాడు.

"దుకాణం లైను గట్టిది. నేను ఈడనే కూసుంట. మీరు పోయి అన్నం తినుండ్రి. మిగిలింది ఇంటికాడ ఎక్కించుకోండ్రి, మీ ఆవిడ నిద్రపోతది."

కొత్త పెట్టె విప్పితే మళ్లీ కొత్తదని అమ్ముకోలేడని మా ఇద్దరికీ తెలుసు. దానికి ఆయన ఏమీ అడగలేదు. మేము తిని వచ్చేసరికి దుకాణంలో వేరే బేరాలు నడుస్తున్నా, ఆయన కుర్చీ మాత్రం మా బ్యాటరీల పక్కనే ఉంది.

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాం. వరండాలో బండ మీద రంజన్ లేదు. అత్తమ్మ దాన్ని వాకిలి అవతలి మూలకు, ఇటుకల మీదికి మార్చేసింది. ఖాళీ అయిన బండను పొడిగుడ్డతో తుడుస్తోంది. తుడిచిందే తుడుస్తోంది.

"ఈడ పెట్టుండ్రి. గాలాడ్తది. జల్లు కొట్టదు. మీటరు పక్కన ప్లగ్గు ఉండనే ఉంది. ఈడ ఎవ్వరూ పండుకోరు."

"మరి రంజన్ అత్తమ్మా? ఏండ్ల నుంచి ఈడనే ఉండె కదా."

"నాలుగడుగులు పోయి తాగితే కాళ్లరుగుతయా ఏంది?"

నేను ఆమె వైపు చూడలేకపోయాను. చేతిలో ఉన్న కొత్త చార్జర్ పెట్టె విప్పుతూ కూర్చున్నాను.

ఆ రాత్రి వరండా తలుపు ఎన్నిసార్లు తీశానో లెక్కలేదు. తీసిన ప్రతిసారీ చార్జర్ గోరువెచ్చగా, తన పని తాను చేసుకుంటూ ఉంది. తెల్లారేసరికి అన్నిటికీ ఆకుపచ్చ లైటు. మా ఆయన వాటిని కట్టుకుని చీకటుండగానే అడవి దారి పట్టాడు. ఆ ఇంటి తలుపులు ముహూర్తానికి ఎక్కాయి. ఇప్పుడు ఇది రాస్తుంటే, తెరిచిన కిటికీలోంచి అవే లైట్లు కనిపిస్తున్నాయి. భయం పూర్తిగా పోలేదు. కానీ దాని పక్కన కూర్చోవడానికి చాలామంది మనుషులు దొరికారు.

కొత్త చార్జర్ తెచ్చిన మర్నాడు పొద్దున పాప లేచి, చెంబు పట్టుకుని అలవాటుగా బండ దగ్గరికి పోయింది. "నానమ్మా, రంజన్ ఏది?" అంది. నేను పాపను, బాబును ఇద్దరినీ గడప మీద కూర్చోబెట్టుకున్నాను. పేలుతుంది, కాలుతుంది అని బెదిరించాలని రాత్రంతా మాటలు పేర్చుకున్నాను. అవతల అత్తమ్మ రంజన్‌కు గోనె తడుపుతూ, తల ఎత్తకుండా వింటోంది.

"గీడ నాన్న బ్యాటరీలు అన్నం తింటయి" అన్నాను. "తినేటప్పుడు ఎవ్వరం ముట్టుకోవద్దు. వాటి మీద ఏదీ కప్పొద్దు."

"జరం వస్తే?" అంది పాప, నానమ్మ వైపు చూస్తూ.

"జరమొచ్చినా, వాసనొచ్చినా, పొగొచ్చినా ముందుగాల నానమ్మను పట్టుకోండ్రి. ఇద్దరూ చెరో చెయ్యి. బయటికి తీసుకొచ్చి నన్ను పిలువుండ్రి. సామాను కోసం మళ్ల లోపలికి పోతనంటే అస్సలు ఇడ్సిపెట్టొద్దు. సామాను నాన్న మళ్ల కొనుక్కుంటడు."