తెర మీద పచ్చరంగు

మండపేటలో అమ్మాయిలకు కంప్యూటర్ నేర్పే సంస్థలో పనిచేస్తున్న రోజులవి. శిక్షణ ఎవరికెంత ఉపయోగపడిందో, ఇంట్లో క్షేమంగా ఉన్నారో లేదో ఇంటింటికీ వెళ్లి అడిగి ట్యాబ్‌లో ఎక్కించేదాన్ని.

క్లాసులకు రావడం మానేసిన ఓ అమ్మాయి ఇంటికి వెళ్లాను. ఏమడిగినా, పక్కనే నిలబడ్డ వాళ్ల బాబాయే జవాబిస్తున్నాడు.

“ఇంట్లో ఎవరంటేనైనా భయంగా ఉందా అమ్మా?” అని ఆ అమ్మాయినే అడిగాను.

“మా పిల్లకి భయమేంటండి! లేదని కొట్టేయండి” అంటూ తనే వేలు చాపి నొక్కేశాడు. ‘క్షేమం’ అని తెర మీద పచ్చరంగు వెలిగింది.

మజ్జిగ అందిస్తూ ఆ పిల్ల గ్లాసు వదల్లేదు. “మళ్లీ ఎప్పుడొస్తారండి?” అంది, నాకు మాత్రమే వినబడేలా.

మర్నాడే మా మేడంగారిని వెంటబెట్టుకుని వెళ్లాను. ఇంటికి తాళం. ఎక్కడికెళ్లారో పక్కింటివాళ్లకూ తెలియదు.

ఆఫీసు కంప్యూటర్లో ఆ పేరు పక్కన ఇప్పటికీ పచ్చరంగే. అది చూసినప్పుడల్లా నాకు ఆ తాళమే కనిపిస్తుంది.