ఎర్రనీటిలో వేసిన కేక

చిన్నప్పుడు వరద గోదావరిని ఒంటరిగా పడవ వేసుకుని దాటానని ప్రగతి నగర్ చెరువుగట్టు మీద నేను చెప్పని సాయంత్రం లేదు. చెప్పినప్పుడల్లా నది కాస్త వెడల్పయ్యేది.

"మొన్న సుడిగుండం ఒక్కటే ఉండె గదన్నా, ఇయ్యాల మూడెట్లయినయ్?" అనేవాడు నిజాంపేటలో పుట్టి పెరిగిన మిత్రుడు.

"మొన్న నువ్వు మధ్యలో లేచిపోయావు," అనేవాణ్ణి.

మాది గోదావరి మధ్య లంక ఊరు. బజారైనా బడైనా అవతలి గట్టునే. ఒకే పడవ, ఒకే పడవవాడు. అవతలి నుంచి పిలవడానికి ఇంటికో కేక ఉండేది. వినగానే ఎవరో అతనికి తెలిసిపోయేది. వరదొచ్చి ఎర్రనీరు పారేటప్పుడు మాత్రం ప్రాణం మీదికొస్తే తప్ప కేక వేయకూడదు. వేస్తే అతను రాక తప్పదు. అది ఊరి కట్టుబాటు.

మొన్నీమధ్య మా అపార్ట్‌మెంట్‌లోనే ఉంటూ ఐటీ ఉద్యోగం చేసే అమ్మాయి లిఫ్టులో పలకరించింది.

"తాతగారూ, మీ ఊరి పడవ మా అమ్మ వాళ్ళ నాన్నదేనండి. మీరు చెప్పే ఆ వరదలో పడవ వేసింది ఆయనేనని అమ్మ చెప్పుకునేది. చెరువు దగ్గర మీ కథ విన్నాక, ఇక అలా చెప్పకమ్మా, నవ్వుతారు అన్నాను. అప్పట్నుంచి వాళ్ళ నాన్న ఊసే ఎత్తట్లేదండి."

నేను దిగాల్సిన అంతస్తు దాటిపోయింది.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి చాటలో గోంగూర తుంచుతోంది.

"పడవ వేసింది మీ నాన్నేనమ్మా. నేను అడుగున కూర్చుని, ఆయన కాలు పట్టుకుని ఏడ్చాను."

ఆమె కూతురి వైపు ఒకసారి చూసింది. అంతే. పని అయిపోయిందనుకుని లేవబోయాను.

"ఇంతకీ ఆ రోజు మీ ఇంట్లో ఎవరికి ప్రమాదమైందండీ? ఎంత అడిగినా నాన్న చెప్పలేదు. కేక వినపడింది, వెళ్ళాను అనేవాడు."

మా నాన్నను పాము కరిచిందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. బాగానే అమరేది కూడా.

"ఎవరికీ ఏమీ కాలేదమ్మా. ఇంట్లో చెప్పకుండా అవతలి గట్టుకు సినిమాకెళ్ళాను. వచ్చేసరికి ఏరు పొంగింది. ఆ గట్టునే ఉన్న మేనత్త ఇంట్లో పడుకుంటే మా నాన్నకు తెలిసిపోతుందని కేక వేశాను."

"ఆ సంగతి మా నాన్నకు తెలుసా?"

"నడి ఏట్లో అడిగాడు. చెప్పాను. తెడ్డు వేస్తూనే ఉన్నాడు."

ఆమె చాట పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. చాలాసేపు రాలేదు. నేనూ ఆ అమ్మాయీ సగం తుంచిన గోంగూర వంక చూస్తూ కూర్చున్నాం.